లినక్స్ కెర్నెల్‌లో క్యాష్ పనితీరు: ఒంగోలు ఆదివారం క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో మా మేడ మీద గదిలో ఆదివారం పొద్దున కెర్నెల్ పాఠం చెప్తుంటాను. కావలి, కందుకూరు, సింగరాయకొండ నుంచి బీటెక్ పిల్లలు వస్తారు. ఉద్యోగం చేసుకుంటూ వచ్చేవాళ్లూ కొందరున్నారు. బ్యాచ్‌లు మారుతున్నా క్యాష్ పాఠం దగ్గర అడిగే సందేహాలు మాత్రం అవే. ప్రతిసారీ బోర్డు మీద రాసి తుడిచేసే బదులు ఒకచోట రాసి పెడితే రాలేని వాళ్లకు కూడా పనికొస్తుందని ఇది మొదలుపెట్టాను. చెప్పిందంతా లినక్స్ గురించే. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రామ్‌లకీ మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అంకెలు మామూలు ఇంటెల్, ఏఎండీ 64 బిట్ మెషీన్లవి.

క్యాష్ అన్నప్పుడు ఏ క్యాష్ గురించి మాట్లాడుతున్నాం?

ఈ ఒక్క మాట తేల్చుకోకపోవడం వల్లే సగం గందరగోళం. క్యాష్ అంటే మళ్లీ కావాల్సినదాన్ని దగ్గర్లో ఉంచుకునే చోటు. కెర్నెల్ వాళ్లు ఆ మాట అంటే మూడు వేరు వేరు వస్తువులు కావచ్చు. ఒకటి ప్రాసెసర్ లోపల ఉండే ఎల్1, ఎల్2, ఎల్3. దాన్ని హార్డ్‌వేరే నడుపుతుంది, కెర్నెల్ నేరుగా ముట్టుకోదు, కానీ డేటాను ఎలా పేర్చాలన్నది కెర్నెల్ చేతిలో ఉంటుంది. రెండోది పేజీ క్యాష్, అంటే డిస్క్ మీది ఫైళ్లకు ర్యామ్‌లో ఉంచుకున్న నకలు. మూడోది స్లాబ్ క్యాష్. కెర్నెల్ తన సొంత అవసరాలకు చిన్న చిన్న ఆబ్జెక్ట్‌లను ముందే సిద్ధం చేసి పెట్టుకునే చోటు అది. "క్యాష్ స్లో అయింది సార్" అని ఎవరన్నా అంటే, ఏ క్యాష్ అన్నదే నా మొదటి ప్రశ్న.

అంత ర్యామ్ ఉండగా ప్రాసెసర్‌కి మళ్లీ వేరే క్యాష్ ఎందుకు?

దూరం వల్ల. ఎల్1లో ఉన్న డేటా నాలుగైదు సైకిళ్లలో, అంటే ప్రాసెసర్ గడియారపు టిక్కుల్లో, చేతికొస్తుంది. ఎల్2 నుంచి పద్నాలుగు సైకిళ్ల దాకా, ఎల్3 నుంచి నలభై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అక్కడా లేక ర్యామ్ దాకా వెళ్లాల్సొస్తే 80 నుంచి 100 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అది దాదాపు 300 సైకిళ్లు. ఆ లోపు చేయగలిగిన పని వందల ఇన్‌స్ట్రక్షన్లు ఉంటుంది, అదంతా ఎదురుచూపులకే పోతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లోనే పెద్ద మెమరీ పక్కన ఒక చిన్న, వేగమైన మెమరీ ఉండాలని రాశారు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85తో అది మార్కెట్లోకి వచ్చింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. ప్రాసెసర్ ర్యామ్ నుంచి ఒక్క బైట్ తెచ్చుకోదు. నెల్లూరు రైసు మిల్లుకెళ్లి గ్లాసుడు బియ్యం అడిగితే ఇవ్వరు కదా, బస్తా ఎత్తుతారు. అలాగే ఒక్క బైట్ అడిగినా 64 బైట్ల క్యాష్ లైన్ మొత్తం వస్తుంది. తెచ్చిన 64 బైట్లలో మనకు పనికొచ్చేవి ఎన్ని అన్నదాని మీదే మిగతా కథంతా నడుస్తుంది. కెర్నెల్‌లో క్యాష్ పనితీరు పెంచడమంటే ఎక్కువ మెమరీ వాడటమో తక్కువ వాడటమో కాదు. ఏ డేటా పక్కన ఏ డేటా కూర్చుందో చూసుకోవడం.

మెమరీ లెక్క చూపించే ఫ్రీ కమాండ్ కొడితే ఖాళీ మెమరీ దాదాపు ఏమీ లేదంటోంది. మెమరీ ఎక్కడైనా లీక్ అవుతోందా?

చాలాసార్లు కాదు. లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను వృథాగా ఉంచదు, ఒకసారి చదివిన ఫైళ్లను పేజీ క్యాష్‌లో అట్టే పెడుతుంది. ఎవరికైనా మెమరీ కావాల్సొస్తే వాటిని వదిలేస్తుంది. మీరు చూడాల్సింది ఫ్రీ అనే గడి కాదు, అవైలబుల్ అనే గడి. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి ఆ లెక్కను కెర్నెలే వేసి చెప్తోంది.

ఈ భయం ఎంత పని చేస్తుందో కళ్లారా చూశాను. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసులో బిల్లింగ్ సర్వర్ ఉంది. 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. గంట కొట్టినట్టు ప్రతి గంటకూ మొదట్లో కొన్ని నిమిషాలు స్క్రీన్ బిగుసుకుపోయేది. లారీ బయట నిలబడి ఉంటుంది, లోపల బిల్లు రాదు. అక్కడి గుమాస్తా గారికి రోజూ టెన్షనే. నెట్‌వర్క్ మార్చారు, కేబుళ్లు మార్చారు. చివరికి క్రాన్‌లో, అంటే టైము ప్రకారం పనులు నడిపే జాబితాలో, చూస్తే ఒకే ఒక్క లైను. గంటకోసారి, క్యాష్‌లను ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ అనే కెర్నెల్ ఫైల్లోకి 3 రాస్తోంది. ఎవరో మెమరీ నిండిపోతోందని భయపడి, క్లీన్ చేస్తున్నాననుకుని పెట్టిన లైను అది. ఆ 3 పడగానే పేజీ క్యాష్, దాంతోపాటు ఫైళ్ల పేర్లూ వివరాలూ దాచుకున్న డెంట్రీ, ఐనోడ్ క్యాష్‌లూ పోతాయి. ఆ తర్వాత ప్రతి చిన్న పనికీ మళ్లీ డిస్క్ దాకా పోవాలి. ర్యామ్‌లో 100 నానోసెకన్లలో దొరికేది తిరిగే డిస్క్ మీద 10 మిల్లీసెకన్లు పడితే, అది లక్ష రెట్లు ఆలస్యం. ఆ లైను తీసేశాం, సమస్య పోయింది. కొత్తగా ఏమీ కొనలేదు.

డ్రాప్ క్యాషెస్ అనేది పరీక్షల కోసం, డీబగ్గింగ్ కోసం ఉంది. కెర్నెల్ డాక్యుమెంటేషన్ కూడా ఇదే మాట చెప్తుంది. ఎవరైనా దాన్ని క్రాన్‌లో పెట్టమని సలహా ఇస్తే దయచేసి వినకండి.

రాత్రి బ్యాకప్ నడిస్తే పొద్దున అప్లికేషన్ నెమ్మదిగా ఎందుకు లేస్తోంది?

బ్యాకప్ ప్రోగ్రామ్ ప్రతి ఫైలునూ ఒక్కసారే చదువుతుంది, మళ్లీ ముట్టుకోదు. కానీ అలా చదివినవన్నీ పేజీ క్యాష్‌లోకి వచ్చి, రోజూ పనికొచ్చే పేజీలను బయటికి నెట్టే ప్రమాదం ఉంది. దీన్ని ఆపడానికే కెర్నెల్ పేజీలను యాక్టివ్, ఇన్‌యాక్టివ్ అని రెండు జాబితాల్లో ఉంచుతుంది. ఒక్కసారి వాడినది ఇన్‌యాక్టివ్‌లో ఉంటుంది, మళ్లీ వాడితేనే పైకి వెళ్తుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 కెర్నెల్‌లో గూగుల్‌కు చెందిన యూ జావో రాసిన మల్టీజెన్ ఎల్ఆర్‌యూ చేరింది. అది రెండు జాబితాల బదులు తరాల వారీగా పేజీల వయసును లెక్కిస్తుంది. మీ కెర్నెల్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకుని ఒకసారి ప్రయత్నించండి. బ్యాకప్ ప్రోగ్రామ్ మీదే అయితే ఇంకా సులువు. చదవడం అయిపోయాక ఫ్యాడ్వైజ్ కాల్‌తో "ఈ పేజీలు ఇక అక్కర్లేదు" అని కెర్నెల్‌కి చెప్పేయండి.

స్లాబ్ అంటే ఏమిటి? కెర్నెల్‌కి నేరుగా పేజీలు తీసుకుంటే సరిపోదా?

మన జిల్లా వాళ్లకు ఈ పేరు విడమర్చి చెప్పక్కర్లేదు. చీమకుర్తి క్వారీలో పెద్ద బ్లాకు తీస్తారు, దాన్ని కోసి స్లాబులు చేస్తారు, స్లాబును కోసి కావలసిన సైజు పలకలు చేస్తారు. ఒక పలక కావాలన్నవాడి కోసం ఎవరూ కొత్తగా బ్లాకు పగలగొట్టరు. కెర్నెల్‌లోనూ అంతే. పేజీ అంటే 4096 బైట్లు. ఫైలు పేరును గుర్తుపెట్టుకునే డెంట్రీ అనే స్ట్రక్చర్ 192 బైట్లు. ఒక్కో డెంట్రీకి ఒక్కో పేజీ ఇస్తే తొంభై ఐదు శాతం మెమరీ వృథా. అందుకని పేజీని స్లాబుగా తీసుకుని 192 బైట్ల ముక్కలు కోస్తారు. 21 ముక్కలు వస్తాయి, 64 బైట్లు మిగులుతాయి.

ఈ పద్ధతిని సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్‌విక్ సోలారిస్ కోసం తయారుచేసి 1994లో పేపర్‌గా ఇచ్చారు. లినక్స్‌లో ఇలా ముక్కలు కోసిచ్చే అలోకేటర్లు చాలాకాలం మూడు రకాలు ఉండేవి. క్రిస్టోఫ్ లామీటర్ రాసిన స్లబ్ 2007లో 2.6.22తో వచ్చింది. చిన్న మెషీన్ల కోసం ఉన్న స్లోబ్‌ను, అంటే చివర ఓ-బీ అక్షరాలున్న దాన్ని, 2023లో 6.4లో తీసేశారు. పాత అసలు స్లాబ్‌ను 2024లో 6.8లో తీసేశారు. ఇప్పుడు మిగిలింది స్లబ్ ఒక్కటే. పాత పుస్తకాల్లో చదివి "స్లాబ్ కలరింగ్ ఎక్కడుంది సార్" అని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇక్కడే ఉంది. అది పాత అలోకేటర్‌తోపాటే పోయింది, స్లబ్‌లో లేదు.

స్లబ్‌కి వేగం ఎక్కడ నుంచి వస్తుందంటే, ప్రతి సీపీయూకీ తనదైన ఖాళీ ముక్కల సంచి ఉంటుంది. మామూలు పరిస్థితిలో లాక్ పట్టుకోకుండానే అందులోంచి ఒకటి తీసి ఇచ్చేస్తుంది. పైగా ఆ సీపీయూ ఇప్పుడే వదిలిన ముక్కనే మళ్లీ ఇచ్చే అవకాశం ఎక్కువ, అది ఇంకా ఎల్1లో వేడివేడిగా ఉంటుంది. ఈ రెండో సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అసలు అందం అక్కడే కనిపిస్తుంది.

స్లాబ్ క్యాష్‌ల జాబితా చూపించే స్లాబ్‌టాప్‌లో నా మాడ్యూల్ క్యాష్ పేరు కనిపించడం లేదు. ఎందుకు?

ఒకే సైజు, ఒకే రకం ఫ్లాగులు ఉన్న క్యాష్‌లను స్లబ్ కలిపేస్తుంది. మీది వేరే పేరు కింద ఉంది. పరీక్ష కోసం విడిగా చూడాలంటే స్లాబ్ నోమెర్జ్ అనే బూట్ ఆప్షన్ ఇవ్వండి.

స్ట్రక్చర్‌లో ఫీల్డుల వరస మారిస్తే నిజంగా తేడా వస్తుందా?

వస్తుంది. సీ కంపైలర్ మీరు రాసిన వరసను మార్చదు, కాబట్టి ఈ బాధ్యత రాసినవాళ్లదే. ఒక బూల్, తర్వాత ఒక పాయింటర్, మళ్లీ బూల్, తర్వాత ఒక లాంగ్ అని రాశారనుకోండి. అలైన్‌మెంట్ కోసం ప్రతి బూల్ వెనకా 7 బైట్ల గుంత పడి మొత్తం 32 బైట్లవుతుంది. పాయింటర్, లాంగ్ ముందు, బూల్స్ రెండూ చివర రాస్తే 24 బైట్లతో పోతుంది. ఈ గుంతలను చూపించడానికి అర్నాల్డో కార్వాల్యో డి మెలో రాసిన పహోల్ అనే టూల్ ఉంది. మీ ఆబ్జెక్ట్ ఫైల్ మీద నడిపితే ఎక్కడెక్కడ ఎన్ని బైట్లు ఖాళీ, ఎక్కడ క్యాష్ లైన్ మారుతోంది అన్నీ గీసి చూపిస్తుంది.

ఇక్కడో మెలిక. ఆ 24 బైట్లను, కెర్నెల్‌లో మెమరీ అడిగే మామూలు ఫంక్షన్ కేమాలక్‌తో తీసుకుంటే మీకు మిగిలేదేమీ లేదు. కేమాలక్ దగ్గర 16 తర్వాత 32 సైజే ఉంటుంది, 24 అడిగినా 32 ఇస్తుంది. అదే ఆ స్ట్రక్చర్‌కే ప్రత్యేకంగా మీ సొంత స్లాబ్ క్యాష్ (కేమెమ్ క్యాష్) పెట్టుకుంటే పేజీకి 128 బదులు 170 పడతాయి. లక్షల్లో ఉండే ఆబ్జెక్ట్ అయితే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. పదో ఇరవయ్యో ఉండేదైతే ఎందుకూ పనికిరాదు, వదిలేయండి.

సైజు తగ్గించడం కంటే ముఖ్యమైనది, కలిసి వాడే ఫీల్డులను కలిపి ఉంచడం. డెంట్రీనే చూడండి. 192 అంటే సరిగ్గా మూడు క్యాష్ లైన్లు. పాత్ వెతికేటప్పుడు ముట్టుకునే ఫీల్డులన్నీ ముందుకు జరిపారు. ఫైలు పేరు చిన్నదైతే అది డెంట్రీ లోపలే ఉంటుంది, దాని కోసం ఇంకో చోటికి పోనక్కర్లేదు. 6.8 కెర్నెల్‌లో నెట్‌వర్కింగ్ వాళ్లు ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. ప్యాకెట్ పంపేటప్పుడు, తీసుకునేటప్పుడు ఏ ఫీల్డులు చదువుతున్నారో లెక్కతీసి, వాటిని గుంపులుగా పేర్చారు. ఎక్కువ టీసీపీ కనెక్షన్లు ఉన్న సందర్భాల్లో గరిష్ఠంగా 40 శాతం దాకా మెరుగు కనిపించింది. అల్గారిథమ్ మార్చలేదు, ఫీల్డులు జరిపారంతే. పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చెప్తే కళ్లు పెద్దవవుతాయి.

ఫాల్స్ షేరింగ్ ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు.

అన్న నెల్లూరులో, తమ్ముడు ఒంగోలులో ఉంటారనుకుందాం. ఇద్దరికీ కలిపి ఒకే నోటు పుస్తకం. ముందు పేజీల్లో అన్న పాల లెక్క, వెనక పేజీల్లో తమ్ముడి కూరగాయల లెక్క. ఒకరి లెక్కతో ఇంకొకరికి సంబంధమే లేదు. కానీ పుస్తకం ఒకటే కాబట్టి అన్న ఒక గీత గీయాలన్నా అది నెల్లూరులో ఉండాలి, తమ్ముడు రాయాలంటే ఒంగోలు రావాలి. రోజంతా ఆ పుస్తకం బస్సులో 120 కిలోమీటర్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

రెండు సీపీయూలు రెండు వేరు వేరు కౌంటర్లను పెంచుతూ, ఆ రెండూ ఒకే 64 బైట్ల లైన్లో ఉంటే జరిగేది ఇదే. రాయాలంటే ఆ లైన్ మీద సీపీయూకి పూర్తి హక్కు ఉండాలి, అవతలివాడి నకలు చెల్లకుండా పోవాలి. సీపీయూల క్యాష్‌ల మధ్య పొత్తు కుదిర్చే మెసీ ప్రోటోకాల్ చేసే పని అది. కోడ్ చూస్తే ఎక్కడా తప్పు కనిపించదు, లాక్ కూడా ఉండదు. కోర్లు పెంచిన కొద్దీ ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది.

మందు తేలికే, ఎవరి పుస్తకం వాళ్లకు కొనివ్వడం. కెర్నెల్‌లో దీనికి పర్‌సీపీయూ వేరియబుల్స్ ఉన్నాయి. ప్రతి సీపీయూ తన కౌంటర్‌ను తనే పెంచుకుంటుంది, మొత్తం కావాల్సినప్పుడే కూడుకుంటారు. అది కుదరని చోట క్యాష్‌లైన్ అలైన్డ్ అనే గుర్తు పెట్టి ఆ ఫీల్డును కొత్త లైన్లో మొదలుపెట్టొచ్చు. తరచుగా చదివి ఎప్పుడో ఒకసారి రాసే వేరియబుల్స్‌కి రీడ్ మోస్ట్‌లీ అనే గుర్తు ఉంది. అవి అస్తమానం రాసే వాటి పక్కన పడకుండా వేరే సెక్షన్లో చేరతాయి. ఏ లైన్ ఇలా తిరుగుతోందో పట్టుకోవడానికి లినక్స్ కొలత టూల్ పర్ఫ్‌లోని సీ2సీ కమాండ్ వాడండి. లైన్ అడ్రస్, దాన్ని ముట్టుకున్న ఫంక్షన్లు, ఏ ఆఫ్‌సెట్ దగ్గర ముట్టుకున్నాయో అన్నీ ఇస్తుంది. గుడ్డిగా అన్ని ఫీల్డులకూ అలైన్‌మెంట్ పెట్టేస్తే స్ట్రక్చర్ ఉబ్బిపోయి ఉన్న క్యాష్ కూడా చాలదు.

ప్రీఫెచ్ పెడితే ముందే తెచ్చుకుంటుంది కదా, అన్నిచోట్లా పెట్టొచ్చా?

వద్దు. ఒకప్పుడు కెర్నెల్ లిస్ట్ మాక్రోల్లోనే తర్వాతి ఎలిమెంట్‌కి ప్రీఫెచ్ ఉండేది. 2011లో కొలిచి చూస్తే, హ్యాష్ చైన్లు చాలా చిన్నవి, చాలాసార్లు ఒకట్రెండు ఎలిమెంట్లే. చివర ఉండే నల్ పాయింటర్‌ని ప్రీఫెచ్ చేయబోయి ప్రాసెసర్ ఊరికే టీఎల్‌బీ (అడ్రస్ మార్పిడి ఫలితాల క్యాష్, కింద చెప్తాను) వెతుకులాటలో పడుతోంది. లినస్ టోర్వాల్డ్స్ వాటిని తీసేశారు, కెర్నెల్ కంపైల్ దాదాపు అర శాతం వేగం పెరిగింది. ఇప్పటి ప్రాసెసర్లు వరసగా చదివే డేటాను వాటంతట అవే ముందుగా తెచ్చుకుంటాయి.

హ్యూజ్ పేజీల వల్ల లాభమెంత?

వర్చువల్ అడ్రస్‌ను అసలు అడ్రస్‌గా మార్చిన ఫలితాలను దాచుకునే క్యాష్ పేరు టీఎల్‌బీ. ఇంటెల్ స్కైలేక్‌లో రెండో స్థాయి టీఎల్‌బీకి 1536 గడులు. ఒక్కో గడి 4 కేబీ పేజీ అయితే మొత్తం 6 ఎంబీ మెమరీకి సరిపోతుంది. 2 ఎంబీ పేజీ అయితే 3 జీబీకి. లెక్క ఇంతే. పెద్ద డేటాబేస్, వర్చువల్ మెషీన్లు ఉన్నచోట బాగా పనికొస్తాయి. కెర్నెల్ కూడా ర్యామ్ మొత్తాన్ని తనకు కనిపించేలా పెట్టుకునే మ్యాపింగ్‌లో వీలైనంతవరకు పెద్ద పేజీలే వాడుతుంది. 2011లో 2.6.38తో వచ్చిన ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ అప్లికేషన్ అడగకుండానే ఇస్తుంది గానీ, అందరికీ పడదు. రెడిస్ లాంటి డేటాబేస్‌లు ఫోర్క్ చేసి (తమ ప్రాసెస్‌కి నకలు పుట్టించి) స్నాప్‌షాట్ తీసేటప్పుడు చిన్న మార్పుకి కూడా 2 ఎంబీ కాపీ చేయాల్సొస్తుంది, అందుకే వాళ్లు ఆపేయమంటారు. సర్వర్ మీద మ్యాడ్వైజ్ సెట్టింగ్‌లో ఉంచి, అడిగినవాళ్లకే ఇవ్వడం నాకు సరైనదిగా అనిపిస్తుంది.

కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో ఏ విలువలు మార్చాలి?

మొదట ఏవీ మార్చొద్దు. స్వాపినెస్ (మెమరీని ఎంత తొందరగా స్వాప్‌కి పంపాలో) డిఫాల్ట్ 60, వీఎఫ్ఎస్ క్యాష్ ప్రెషర్ (డెంట్రీ, ఐనోడ్ క్యాష్‌లను ఎంత తొందరగా వదలాలో) 100. లక్షల చిన్న ఫైళ్లు ఉన్న సర్వర్‌లో రెండోదాన్ని 50కి తగ్గిస్తే డెంట్రీలు, ఐనోడ్లు ఎక్కువసేపు నిలుస్తాయి. సున్నా మాత్రం పెట్టకండి, వాటిని అసలు వదలక మెమరీ అయిపోయే స్థితి రావచ్చు.

నేను నిజంగా మార్చేది డర్టీ రేషియో, అంటే ఇంకా డిస్క్‌కి రాయని మార్పులు ర్యామ్‌లో ఎంత దాకా ఉండొచ్చన్న హద్దు. డిఫాల్ట్ 20 శాతం. 64 జీబీ మెషీన్‌లో మెమరీ చాలావరకు అందుబాటులో ఉంటే అది 12 జీబీ దాకా వెళ్తుంది. డిస్క్ సెకనుకి 100 ఎంబీ రాస్తే అంతా దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ సమయంలో రాసే ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. డర్టీ బైట్స్‌తో కొన్ని వందల ఎంబీలకు హద్దు పెడితే కొద్దికొద్దిగా రాస్తూ పోతుంది.

ఎలా కొలవాలి?

పర్ఫ్ స్టాట్‌తో మొదలుపెట్టండి. సైకిళ్లు, ఇన్‌స్ట్రక్షన్లు, క్యాష్ మిస్‌లు కలిపి చూడండి. మిస్‌ల సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. మిస్‌లు తగ్గి టైమ్ తగ్గకపోతే మీరు బాగుచేసింది అడ్డంకి కాని చోటు అన్నమాట. ఆర్ 10 ఆప్షన్‌తో పదిసార్లు నడిపి, వచ్చిన తేడా సహజమైన ఊగిసలాట కంటే పెద్దదేనా చూడండి. సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, ప్రోగ్రామ్‌ను టాస్క్‌సెట్‌తో ఒక కోర్‌కి కట్టేయండి. మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి దానంతటదే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం తీసిన అంకెను తెల్లవారుజామున తీసిన దానితో పోల్చి మోసపోయిన పిల్లలున్నారు. ముందు, తర్వాత రెండూ ఒకే పూట కొలవండి.

నా దగ్గర 4 జీబీ పాత ల్యాప్‌టాప్ మాత్రమే ఉంది. నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో మీ మెషీన్‌కి అవసరమైన డ్రైవర్లే ఎంచుకుంటే కంపైల్ సమయం చాలా తగ్గుతుంది. కొత్త కెర్నెల్‌ను క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో నడిపి చూడండి, చెడినా మీ ల్యాప్‌టాప్‌కి ఏమీ కాదు. వర్చువల్ మెషీన్ లోపల క్యాష్ కౌంటర్లు తరచుగా నాట్ సపోర్టెడ్ అని వస్తాయి. కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అన్నది అక్కడ చూసి, అంకెలు మాత్రం అసలు మెషీన్ మీద తీయండి. పాత ప్రాసెసర్‌కి ఎల్3 చిన్నది కాబట్టి క్యాష్ సమస్యలు ఇంకా స్పష్టంగా బయటపడతాయి కూడా.

కెర్నెల్‌కి పంపే మొదటి ప్యాచ్‌కి (కోడ్ మార్పుకి) ఏం ఎంచుకోవాలి?

మెమరీ మేనేజ్‌మెంట్ నడిబొడ్డున చేయి పెట్టొద్దు. మీ ల్యాప్‌టాప్‌లో వాడుతున్న ఒక డ్రైవర్‌ను తీసుకోండి. అందులో ఎక్కువ సంఖ్యలో పుట్టే స్ట్రక్చర్ ఏదో స్లాబ్‌టాప్‌తో కనిపెట్టి, దాని మీద పహోల్ నడపండి. గుంతలున్నాయా, కలిసి వాడే ఫీల్డులు రెండు లైన్లలో చీలిపోయాయా చూడండి. ఆ స్ట్రక్చర్ హార్డ్‌వేర్‌తోనో, యూజర్ ప్రోగ్రామ్‌లతోనో పంచుకునేదైతే వరస మార్చకూడదు, మారిస్తే అవతలివాళ్ల లెక్క తప్పుతుంది. ఆ చిక్కు లేదనుకుంటేనే ఫీల్డులు జరపండి. ప్యాచ్ వివరణలో పాత పహోల్ అవుట్‌పుట్, కొత్తది, పదేసి రన్‌ల పర్ఫ్ అంకెలు, ఏ ప్రాసెసర్ మీద తీశారో రాయండి. అంకెల్లో తేడా రాకపోతే పంపకుండా ఆ ఆదివారం క్లాసుకి పట్టుకురండి, ఎందుకు రాలేదో అందరం కూర్చుని చూద్దాం.